ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కు పేరు ఇచ్చే ముందు కళాశాల ఆటగాళ్లు తీసుకోవలసిన జాగ్రత్తలు

అమెరికాలో కళాశాల బాస్కెట్‌బాల్ సీజను ఏప్రిల్ మొదటి వారంలో ముగుస్తుంది. వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో జట్లు వంతులవారీగా, రెండు రౌండ్లలో కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ జూన్ చివరలో జరుగుతుంది. కళాశాల వదిలి వృత్తి ఆటగాడు కావాలా, మరో ఏడాది ఆగాలా అన్నది పంతొమ్మిది, ఇరవై ఏళ్ల కుర్రవాడు ఈ పన్నెండు వారాలలోనే తేల్చుకోవాలి. ఇంట్లో అందరూ అడిగే ప్రశ్న ‘ఎంపికవుతాడా?’ అన్నదే. ఎంపికైతే చేతికి వచ్చే ఒప్పందంలో ఏముంటుంది అన్న ప్రశ్నను అంతకంటే ముందుగా వేసుకోవడం మంచిది.

మొదటి రౌండ్‌లో తీసుకున్న ముప్పై మందికి నిర్ణీత వేతన పట్టిక ఉంటుంది. ఒప్పందంపై సంతకం పెడితే మొదటి రెండేళ్ల జీతానికి హామీ ఉంటుంది. మూడు, నాలుగు సంవత్సరాల విషయంలో నిర్ణయం జట్టుది. 2025-26లో ముప్పయ్యో స్థానంలో ఎంపికైన ఆటగాడికి సైతం తొలి ఏడాది సుమారు 27 లక్షల డాలర్లు అందే వీలుంది. ముప్పై ఒకటో స్థానం నుంచి ఈ పట్టిక వర్తించదు. అక్కడ కొందరికి మంచి ఒప్పందాలు దొరికినా, చాలామందికి దొరికేది ఎన్‌బీఏ జట్టుకూ, కింది స్థాయి లీగ్ అయిన జీ లీగ్‌లోని జట్టుకూ మధ్య తిరుగుతూ ఆడే టూ-వే ఒప్పందమే. దాని విలువ ఆ సీజనుకు 6,36,435 డాలర్లు, అంటే కొత్త ఆటగాడి కనీస వేతనంలో సగం. ఆ ఒప్పందం మీద ఎన్‌బీఏలో యాభై ఆటలకు మించి జట్టులో ఉండనివ్వరు, మిగిలిన కాలం జీ లీగ్‌లో గడపాలి. కనుక ‘మొదటి రౌండ్ చివర గానీ, రెండో రౌండ్ మొదట గానీ’ అని ఎవరైనా తేలికగా అన్నప్పుడు, ఆ రెండింటి మధ్య ఒక్క స్థానమే తేడా అనుకోకూడదు.

ఇక తేదీలు. ఎక్కువ జాగ్రత్త అవసరమైనది ఇక్కడే, ఎందుకంటే గడువులు ఒకటి కాదు, అవి ఒకే సంస్థవీ కావు. పేరు ఇవ్వడానికి గడువు డ్రాఫ్ట్‌కు అరవై రోజుల ముందు ముగుస్తుంది. పేరు వెనక్కి తీసుకోవడానికి ఎన్‌బీఏ ఒక తేదీ పెడుతుంది, కళాశాల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ దానికంటే ముందే మరొకటి పెడుతుంది. 2025లో ఎన్‌సీఏఏ గడువు మే 28, ఎన్‌బీఏ గడువు జూన్ 15. జూన్ 15 వరకు సమయం ఉందనుకుని జూన్ మొదటి వారంలో పేరు ఉపసంహరించుకున్న కుర్రవాడు డ్రాఫ్ట్ జాబితా నుంచి బయటపడతాడు, కానీ ఎన్‌సీఏఏ నిబంధన ప్రకారం కళాశాల జట్టుకు తిరిగి ఆడే అర్హత కోల్పోతాడు. వేరే కళాశాలకు మారే ఆలోచన ఉన్నవారికి ఇంకో చిక్కు ఉంది: ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఆ ఏడాది ఏప్రిల్ 22నే మూతపడింది. అంటే డ్రాఫ్ట్ సంగతి తేలక ముందే పోర్టల్‌లో పేరు నమోదై ఉండాలి. ఉపసంహరణను లిఖితపూర్వకంగా పంపి, అందినట్లు జవాబు వచ్చేదాకా దాని వెంటపడాలి. ఇదే కాలంలో సెమిస్టరు పరీక్షలు వస్తాయి. కంబైన్ (డ్రాఫ్ట్‌కు ముందు జట్లు ఆటగాళ్లను పరీక్షించి చూసే శిబిరం) కోసం, జట్ల పిలుపుల కోసం తిరుగుతూ పరీక్షలు వదిలేస్తే, వెనక్కి రావాలనుకున్న రోజున చదువు వైపు నుంచి అర్హత దెబ్బతింటుంది.

సమాచారం ఎవరి దగ్గర తీసుకోవాలన్నది తర్వాతి మాట. ఎవరు ఏ స్థానంలో ఎంపికవుతారో ఊహిస్తూ అంతర్జాలంలో కనిపించే మాక్ డ్రాఫ్టులు కబుర్లకు బాగుంటాయి గాని, వాటిని నమ్మి కళాశాల వదలడం పెళ్లిచూపులకు ముందే శుభలేఖలు అచ్చువేయించడం లాంటిది. ఎన్‌బీఏ ఆధ్వర్యంలో అండర్‌గ్రాడ్యుయేట్ సలహా సంఘం ఉంది. ఆటగాడు కోరితే, జట్ల అధికారుల అభిప్రాయాలను బట్టి అతడు సుమారు ఏ స్థానాల మధ్య ఎంపిక కావచ్చో, అసలు కాకపోవచ్చో తెలియజేస్తుంది. అలాగే మేలో షికాగోలో జరిగే కంబైన్‌కు సుమారు 75 మందినే పిలుస్తారు. పిలుపు రాకపోవడం కూడా ఒక జవాబే. కోచ్ మాట వినాలి, కానీ ఆటగాడు ఉండిపోతే ఆయన జట్టుకు లాభం; ఏజెంట్ మాట వినాలి, కానీ ఆటగాడు వెళ్లిపోతే ఆయనకు కమీషన్. ఇద్దరూ మంచివారే కావచ్చు, అయినా ఎవరి మొగ్గు ఎటో గుర్తుపెట్టుకుని వినాలి.

ఆగితే స్థానం మెరుగవుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పర్డ్యూ విశ్వవిద్యాలయానికి ఆడిన జాక్ ఈడీ 2023లో పేరు ఇచ్చి, వెనక్కి తీసుకుని, మరుసటి ఏడాది జట్టును జాతీయ ఫైనల్ దాకా నడిపించి 2024లో తొమ్మిదో స్థానంలో మెంఫిస్ ఎన్‌బీఏ జట్టుకు వెళ్లాడు. అదే నిర్ణయం ఇవాన్ రాబ్‌కు కలిసిరాలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో తొలి ఏడాది తర్వాత 2016లో అతడు మొదటి రౌండ్ పైభాగంలోనే పోతాడన్నారు; ఆగాడు, 2017లో ముప్పై అయిదో స్థానంలో ఎంపికయ్యాడు. 2022లో దేశంలో ఉత్తమ కళాశాల ఆటగాడిగా నిలిచిన కెంటకీ ఆటగాడు ఆస్కార్ షీబ్వే మరో ఏడాది ఆడి వచ్చినా 2023లో ఏ జట్టూ తీసుకోలేదు. జట్లు వయసును కూడా లెక్కలో వేస్తాయి; పంతొమ్మిదేళ్ల వాడి లోపాన్ని ‘నేర్చుకుంటాడు’ అని సరిపెట్టుకుని, ఇరవై రెండేళ్ల వాడిలో అదే లోపాన్ని స్వభావంగా చూస్తాయి. అందువల్ల ఆగదలచినవారు వచ్చే ఏడాది తమ ఆటలో ఏది మారుతుందో, అది చూపించే అవకాశం జట్టులో దొరుకుతుందో లేదో స్పష్టంగా చెప్పుకోగలగాలి. దానికి జవాబు లేనప్పుడు ఆగడం కేవలం వాయిదా.

గాయం సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తడానికి ఇష్టపడరు, కాని ఎత్తాలి. మైకేల్ పోర్టర్ జూనియర్ వెన్ను శస్త్రచికిత్స వల్ల మిజోరి విశ్వవిద్యాలయ జట్టుకు మూడే ఆటలు ఆడి, 2018లో పద్నాలుగో స్థానానికి జారాడు. తర్వాతి సీజను మొత్తం ఆడలేకపోయాడు. మొదటి రౌండ్ అంచనా ఉన్నవారు కళాశాలలో ఆగితే, శాశ్వత వైకల్యానికి గానీ స్థానం పడిపోయినందువల్ల కలిగే నష్టానికి గానీ బీమా దొరుకుతుందేమో విచారించాలి. మినహాయింపుల పేజీని న్యాయవాది చేత చదివించాలి.

2018లో నిబంధనలు మారిన దగ్గర నుంచి, సలహా సంఘం అంచనా కోరిన ఆటగాడు ఎన్‌సీఏఏ గుర్తింపు ఉన్న ఏజెంటును పెట్టుకుని కూడా కళాశాలకు తిరిగి రావచ్చు. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, తిరిగి వచ్చేటప్పుడు దాన్ని రద్దు చేసుకోవాలి. గుర్తింపు లేని ‘మనవాడు’ ఇచ్చే విమాన టికెట్టు, చేబదులు అర్హతకే ముప్పు తెస్తాయి. ఆటగాళ్ల సంఘం నియమాల ప్రకారం ఎన్‌బీఏ జీతంపై ఏజెంటు రుసుము నాలుగు శాతం దాటకూడదన్నది కూడా తెలిసి ఉండాలి.

డబ్బు కోసమే వెళ్లాలన్న పాత వాదం ఇప్పుడు బలహీనపడింది. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపంతో సంపాదించుకోవచ్చు. 2025 జులై నుంచి విశ్వవిద్యాలయాలు అన్ని క్రీడలకూ కలిపి తొలి ఏడాదికి సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకు ఆటగాళ్లకు నేరుగా పంచవచ్చు. ముందస్తుగా డ్రాఫ్ట్‌కు పేరిచ్చినవారు 2021లో 353 మంది కాగా 2025లో 106 మందే. కరోనా వల్ల అదనపు ఏడాది అర్హత ఇచ్చిన 2021 లెక్క కొంత అసాధారణమనుకున్నా, తగ్గుదల పెద్దదే. అయితే ఈ సంపాదనపై పన్ను ఆటగాడే లెక్కగట్టి కట్టుకోవాలి. కొన్ని ఒప్పందాలలో మధ్యలో వదిలి వెళితే సొమ్ము తిరిగి చెల్లించాలన్న షరతు ఉంటుంది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. ఎఫ్-1 వీసాపై ఉన్న విద్యార్థికి అమెరికాలో పనిచేసి సంపాదించే స్వేచ్ఛ చాలా పరిమితం, హెచ్-4పై ఉన్న పిల్లలకు పని అనుమతే లేదు. తోటి ఆటగాడు చేసిన ప్రకటన ఒప్పందాన్నే వీరు చేసుకుంటే వీసా హోదాకే ప్రమాదం. షీబ్వే ఎఫ్-1 మీద ఉన్నందున 2022లో జట్టు బహామాస్ పర్యటనకు వెళ్లినప్పుడు, అమెరికా బయట ఉండగా, అలాంటి ప్రకటన పనులు చేసుకోవలసి వచ్చింది. వలస చట్టం తెలిసిన న్యాయవాదిని సంప్రదించకుండా ఏ కాగితంపైనా సంతకం చేయరాదు.

చివరగా, డ్రాఫ్ట్ రాత్రి కోసం ముందే సిద్ధపడాలి. రెండో రౌండ్ నడుస్తుండగా జట్లు ఏజెంటుకు ఫోన్ చేసి, ‘ఈ స్థానంలో తీసుకుంటే టూ-వేకు ఒప్పుకుంటారా?’ అని అడుగుతాయి. జవాబుకు నిమిషాలే వ్యవధి. ఎంపిక కాకపోవడమే మేలైన సందర్భాలూ ఉంటాయి: 2021లో ఆస్టిన్ రీవ్స్‌ను ఎవరూ ఎంపిక చేయలేదు, లేకర్స్ జట్టుతో టూ-వే కుదుర్చుకుని, సీజను మొదలవకముందే పూర్తి ఒప్పందం పొందాడు. భారతీయ మూలాలున్న వారిలో తొలిసారి ఎన్‌బీఏలో ఆడిన సిమ్ భుల్లర్ రెండేళ్లకే కళాశాల వదిలి 2014లో ఎంపిక కాలేదు. జీ లీగ్ స్థాయి జట్టులో ఏడాది ఆడి, 2015 ఏప్రిల్‌లో పది రోజుల ఒప్పందంతో మూడు ఆటలు ఆడాడు. కనుక ఏ జట్టుకు అవుననాలి, ఏ షరతుకు కాదనాలి, ఐరోపా క్లబ్బు పిలిస్తే వెళ్లాలా అన్నవి ముందు రోజే ఇంట్లో కూర్చుని ఒక కాగితం మీద రాసి, ఏజెంటుకు ఒక ప్రతి ఇచ్చి, పాస్‌పోర్టు గడువు చూసుకుని ఉంచాలి.