చదివింది గుర్తుండని పిల్లలకి ఎలా సాయం చేయాలి

"ఇప్పుడే చదివావు కదా, అప్పుడే మర్చిపోయావా?" అని డిస్లెక్సియా (తెలివి ఉన్నా అక్షరాలు, మాటలు చదవడం కష్టమయ్యే ఇబ్బంది) ఉన్న పిల్లల్ని అడగడం ముందు మానేయండి. అది బద్ధకమూ కాదు, తెలివి తక్కువా కాదు.

విన్నది, చూసింది కొన్ని సెకన్లు మనసులో పట్టి ఉంచి దానితో పని చేయించేది వర్కింగ్ మెమరీ. 1974లో బాడ్లీ, హిచ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు శబ్దాల్ని నిలిపి ఉంచే భాగం వేరు, కనిపించేవాటిని నిలిపే భాగం వేరు అని వివరించారు. చదవడంలో ఇబ్బంది పడే చాలామంది పిల్లల్లో (అందరిలోనూ కాదు) ఆ శబ్దాల భాగమే బలహీనంగా ఉంటుంది.

'కష్టపడి' అనే మాట చదువుతున్న పిల్లని దగ్గర కూర్చుని చూడండి. క అంటుంది, ష కింద ట వత్తు దగ్గర ఆగిపోతుంది, అదేదో తేల్చుకుని ప, డి దాకా వచ్చేసరికి మొదటి క జారిపోయి ఉంటుంది. మళ్లీ మొదటికి. ఇలా వాక్యం పూర్తయ్యేసరికి అర్థం పట్టుకోవడానికి చోటెక్కడ మిగులుతుంది?

కాబట్టి జ్ఞాపకశక్తి పెంచాలని చూడకండి, దాని మీద పడే బరువు తగ్గించండి. మెమరీ గేములు ఆడిస్తే ఆ గేముల్లో స్కోరు పెరుగుతుంది కానీ చదవడం మెరుగుపడదని 2013లో మెల్బీ-లెర్వాగ్, హ్యూమ్ చాలా అధ్యయనాలు కలిపి చూసి తేల్చారు. ఆ టైం గుణింతాలకీ వత్తులకీ పెట్టండి, రోజూ కాసేపే అయినా సరే, చూడగానే శబ్దం నోటికి వచ్చేదాకా. ఆలోచించి గుర్తు తెచ్చుకునే ప్రతి అక్షరమూ బరువే.

పెద్ద మాటల్ని ఒక అట్టముక్కతో మూసి 'కష్ట' చూపించండి, తర్వాత 'పడి'. మరీ ఆగిపోతే మీరే చెప్పేయండి, పరీక్ష పెట్టకండి. మాట వచ్చాక వాక్యం మొత్తం మొదటినుంచి మళ్లీ చదివించండి, ఇది మాత్రం వదలొద్దు, అర్థం అందేది ఈ రెండోసారే. అదే పేరా మర్నాడు కూడా చదివించండి.

చదవడం ఒక పని, కథ అర్థం చేసుకోవడం ఇంకో పని, రెండూ ఎప్పుడూ ఒకేసారి అడగక్కర్లేదు. కొన్నిసార్లు మీరు చదివి వినిపించి, జవాబులు నోటితో చెప్పించుకోండి. రాసేటప్పుడూ అంతే, ముందు వాక్యం పైకి చెప్పించి, ఫోన్‌లో రికార్డు చేసి, అది వింటూ రాయమనండి, తప్పొప్పులు తర్వాత చూడొచ్చు.

"పుస్తకం తీసి, లెక్కలు పూర్తి చేసి, బ్యాగు సర్దుకో" అంటే మొదటిదో చివరిదో మాత్రమే మిగులుతుంది. ఒక్కోటీ చెప్పండి, ఏం చెప్పారో వాళ్ల మాటల్లో తిరిగి చెప్పించుకోండి. రోజూ చేసే పనులైతే బొమ్మలు గీసి గోడకి అంటించండి.

చూపు, వినికిడి ఒకసారి పరీక్ష చేయించి, సైకాలజిస్టుతో అంచనా వేయించడం ఆలస్యం చేయకండి. ఈలోగా టీచర్‌తో మాట్లాడి రెండు విషయాలు అడగండి: బోర్డు మీదది ఎక్కించుకోమనే బదులు ప్రింటు కాగితం ఇమ్మని, క్లాసులో పైకి చదివించేది ఏదైనా ఉంటే ముందు రోజే చెప్పమని.