ఫుట్‌బాల్ జట్లు కింది డివిజన్‌కు పడిన సీజన్లను పోల్చేదెలా?

మొత్తం పాయింట్లు పక్కపక్కన పెడితే లెక్క తప్పుతుంది. ఇంగ్లండ్ పై డివిజన్ ప్రీమియర్ లీగ్‌లో 1994-95 వరకు జట్టుకు 42 మ్యాచ్‌లు, తర్వాత 38. అందుకే పాయింట్లను మ్యాచ్‌లతో భాగించండి. 1994-95లో క్రిస్టల్ ప్యాలెస్ 45తో, 2002-03లో వెస్ట్ హామ్ 42తో పడిపోయాయి, మ్యాచ్‌కు 1.07, 1.11. చూడ్డానికి వెనకబడ్డ వెస్ట్ హామే మెరుగన్నమాట!

ఇంగ్లండ్ లీగ్‌లో 1981-82కి ముందు గెలుపుకు 2 పాయింట్లే. ఆ సీజన్లకు గెలుపుకు 3, డ్రాకు 1 వేసి మళ్ళీ కూడండి.

తర్వాత, గట్టెక్కిన చివరి జట్టుతో తేడా చూడండి: ప్యాలెస్‌కు 3, వెస్ట్ హామ్‌కు 2. ప్యాలెస్ పడిన ఏడాది నాలుగు జట్లు దిగాయి, మామూలుగా మూడే.

శిక్షగా కోత పడిన పాయింట్లకు వేరే గడి పెట్టండి. 1996-97లో మిడిల్స్‌బ్రోకు 3 కోసి 39 మిగిల్చారు. అవి ఉంటే గట్టెక్కేదే.