టేప్ డెక్‌ని కంప్యూటర్‌కి కలిపే ముందు జాగ్రత్తలు

క్యాసెట్లని కంప్యూటర్‌లోకి రికార్డు చేసుకోవడానికి టేప్ డెక్‌ని (క్యాసెట్ ప్లేయర్‌ని) కలిపేటప్పుడు, ముందు రెండూ ఆపేయండి. ఆంప్లిఫైయర్ స్పీకర్ వైర్లు మాత్రం చచ్చినా కంప్యూటర్‌కి పెట్టొద్దు, సౌండ్ కార్డు కాలిపోవచ్చు. వెనక ‘టేప్ అవుట్’ లేదా ‘లైన్ అవుట్’ అని ఉన్న ఎరుపు, తెలుపు సాకెట్ల నుంచే తీసుకోవాలి. అది వెళ్లాల్సింది నీలం రంగు లైన్ ఇన్‌లోకి, గులాబీ రంగు మైక్ జాక్‌లోకి కాదు. చాలా ల్యాప్‌టాప్‌లకి లైన్ ఇన్ ఉండదు, యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (యూఎస్‌బీకి పెట్టి బయటి సౌండ్‌ని కంప్యూటర్‌లోకి తీసుకునే చిన్న పెట్టె) కొనక తప్పదు.

విశాఖలో, అందులోనూ బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో, ఉప్పుగాలికి పిన్నులకి చిలుము పడుతుంది. ఆకుపచ్చగా కనిపిస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరాకే పెట్టండి.

గుయ్యిమని హమ్ వస్తే రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి చూడండి. ఎర్త్ పిన్ను పీకేస్తే పోతుందని ఎవరో ఒకరు చెబుతారు. వినొద్దు, షాక్ కొట్టే ప్రమాదం ఉంది.

రికార్డు చేసేటప్పుడు కంప్యూటర్‌లో కనిపించే లెవెల్ మీటర్‌ని మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వకండి.