మెడ పట్టేసిందా? ఎటు తిరగడం లేదో ముందు చూడండి

"పడుకునేటప్పుడు బాగానే ఉన్నా, లేచేసరికి మెడ పట్టుకునింది." తిరుపతిలో ఈ మాట వినబడని లాడ్జి ఉండదు. హైదరాబాద్ బస్సులో రాత్రంతా కిటికీకి తల ఆనించి వచ్చినవాళ్ళు, నారాయణాద్రి రైల్లో సంచినే దిండు చేసుకున్నవాళ్ళు, విష్ణు నివాసం హాల్లో నేలమీద దుప్పటి పరుచుకున్నవాళ్ళు, వైకుంఠం క్యూ కంపార్టుమెంటులో కూర్చునే కునుకు తీసినవాళ్ళు, అందరిదీ ఇదే బాధ. చాలామందికి రెండు మూడు రోజుల్లో సగానికి సగం తగ్గిపోతుంది, వారంలో మామూలవుతుంది. ఆలోగా దాన్ని చెడగొట్టుకోకుండా ఉండటమే అసలు పని.

ఒక పక్కకు తిప్పితే పట్టేస్తుంది, రెండో పక్కకు బాగానే తిరుగుతుంది

నూటికి తొంభై మంది చెప్పేది ఇదే అనుకోండి. మన తల బరువు నాలుగున్నర నుంచి అయిదు కిలోలు. దాన్ని మోసేది 7 పూసలు, వాటిని పట్టుకుని ఉన్న కండరాలు. వాటిలో ఒకటి మెడ పక్కనుంచి దిగి భుజం రెక్క ఎముక పైకొనకు అతుక్కుని ఉంటుంది. తల గంటల తరబడి ఒక పక్కకు వాలిపోతే అది ఒకవైపు సాగి, ఇంకోవైపు కుదించుకుపోయి ఉంటుంది. మామూలు నిద్రలో ఒళ్ళు తనంతట తానే సర్దుకుంటుంది. ప్రయాణపు అలసటలో ఆ కదలిక కూడా ఉండదు. తెల్లారి లేచి చటుక్కున తల తిప్పగానే కండరం భయపడ్డట్టు బిగుసుకుంటుంది. పూసల వెనకుండే చిన్న కీళ్ళు కూడా ఒక్కోసారి దీనికి తోడవుతాయి. ఫ్యాను గాలి తగిలి వచ్చిందంటారు గానీ, గాలికంటే పడుకున్న తీరుదే ఎక్కువ తప్పు.

ముందు మంచం దిగడం సంగతి. వెల్లకిలా ఉన్నవాళ్ళు తలను ముందుకు లేపి లేవకండి. ఒక పక్కకు ఒత్తిగిలి, చెంప కింద చెయ్యి పెట్టి తలకు ఆసరా ఇచ్చి, కాళ్ళు కిందికి దించుతూ లేవండి. ఆ మొదటి కలుక్కు తప్పితే సగం గండం గడిచినట్టే.

తరవాత కాపడం. వేడినీళ్ళలో ముంచి పిండిన తుండుగుడ్డ చాలు. ఇంట్లో ఉంటే రాళ్ళుప్పు పెనం మీద వేయించి గుడ్డలో మూటకట్టి పెట్టుకోవచ్చు. మా చిత్తూరు వైపు పెద్దవాళ్ళయితే వావిలాకు మరిగించిన నీళ్ళతో స్నానం చేయిస్తారు. వేడి తగలడం వల్లే హాయిగా ఉంటుంది. పావుగంట, ఇరవై నిమిషాలు సరిపోతుంది. మూటను ముందు మీ ముంజేతి మీద పెట్టి చూడండి. షుగరుతో స్పర్శ మందగించినవాళ్ళకు చర్మం కాలేదాకా తెలియదు, వాళ్ళకు ఇంకొకరు చూసి పెట్టాలి. బామ్ రాసిన చోట కాపడం పెట్టకూడదు, బొబ్బలు లేస్తాయి.

కాపడం వేడి ఉండగానే మెడను కదిలించండి. ఇక్కడ జనం రెండు రకాలుగా పొరపాటు పడతారు: కొందరు పట్టీ కట్టుకున్నట్టు బిగదీసుకుని మూడు రోజులు కూర్చుంటారు, కొందరు నొప్పి ఉన్న వైపుకే బలవంతంగా లాగుతారు. రెండింటివల్లా బిగువు పెరుగుతుంది. ముందు నొప్పి లేని వైపుకు మెల్లగా తిప్పండి. మళ్ళీ మధ్యకు తెచ్చి, నొప్పి ఉన్న వైపుకు, పట్టేసే చోటికి కాస్త ముందే ఆపండి. గడ్డం ఛాతీ వైపు దించడం, చెవిని భుజం వైపు వంచడం కూడా అంతే. భుజాన్ని చెవి దగ్గరికి లేపకండి. భుజాలు రెండూ వెనక్కి గుండ్రంగా తిప్పండి. ఒక్కోటి అయిదుసార్లు, గంటకో రెండు గంటలకో. పొద్దున రాని చోటికి సాయంత్రానికి మెడ వస్తుంది.

మెడ పుటుక్కుమనిపిస్తే క్షణంలో పోతుందని క్షవరం దుకాణంలో గడ్డం పట్టుకుని తిప్పేవాళ్ళుంటారు. ఇది మాత్రం వద్దే వద్దు. మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమనుల్లో రెండు మెడపూసల గుండానే పైకి వెళ్తాయి. విసురుగా తిప్పినప్పుడు అవి చీలి పక్షవాతం వచ్చినవాళ్ళున్నారు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తొక్కించుకోవడం కూడా మెడ విషయంలో పనికిరాదు. దిండును ఎండలో వేస్తే పోతుందనే నమ్మకానికి మాత్రం నేనేమీ అడ్డు చెప్పను. మెడ ఎలాగూ నాలుగు రోజుల్లో తగ్గుతుంది, దిండుకూ ఎండ మంచిదే.

మెడ తిరగదు, కొండకు పోవాలి

దర్శనం టికెట్టు చేతిలో ఉంటే ఆగమన్నా ఎవరూ ఆగరు. మామూలు మెడపట్టుకు నడక మంచిదే, అలిపిరి 3,550 మెట్లు ఎక్కలేకపోవడానికి అది కారణం కాదు. భుజాన బ్యాగు ఉంటేనే చిక్కు. అలిపిరిలో టీటీడీ సామాను కౌంటరులో ఇచ్చేస్తే కొండపైకి ఉచితంగానే చేరుస్తారు. చంటిపిల్లను భుజాన ఎత్తుకోవాల్సి వస్తే నొప్పిలేని వైపుకు మార్చుకోండి, లేదా బస్సెక్కండి.

కల్యాణకట్టలో తల వంచి చాలాసేపు కూర్చోవాలి. కూర్చునేటప్పుడే "మెడ పట్టింది స్వామీ, మెల్లగా" అని చెప్పండి. మెడను కాకుండా నడుము దగ్గర్నుంచి ముందుకు వంగండి.

సొంత బండి మీద వచ్చినవాళ్ళు ఘాట్ రోడ్డులో తోలవద్దు. మలుపులో పక్కకు, వెనక్కి చూడలేని మనిషి స్టీరింగు పట్టుకోవడం తనకూ ప్రమాదం, ఎదుటివాళ్ళకూ ప్రమాదం. కండరాలు సడలించే బిళ్ళ వేసుకున్నవాళ్ళకు నిద్ర ముంచుకొస్తుంది, వాళ్ళయితే అసలే వద్దు.

బిళ్ళ వేసుకోవచ్చా?

లివరు జబ్బు లేని పెద్దవాళ్ళు పారాసెటమాల్ 650 ఒకటి వేసుకోవచ్చు. బిళ్ళకూ బిళ్ళకూ మధ్య 6 గంటలు ఉండాలి, రోజుకు నాలుగు దాటకూడదు. జలుబు మాత్రల్లోనూ ఇదే మందు ఉంటుంది, రెండూ కలిపి లెక్కపెట్టుకోండి. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ బాగా పనిచేస్తాయి గానీ ఖాళీ కడుపున వేసుకోకూడదు. దర్శనం అయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టనివాళ్ళకు ఇవి కుదరవు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళు, గర్భిణులు డాక్టరునడగకుండా వీటి జోలికి పోవద్దు. జ్వరం కూడా ఉంటే, అది డెంగీ కాదని తేలేదాకా వద్దు.

తల వెనక నొప్పి, రెండు భుజాలూ రాయిలా ఉన్నాయి

ఇది ఒక్క రాత్రితో వచ్చింది కాదు. రెండు దిండ్లేసుకుని పడుకుని ఫోను చూసే అలవాటు ఉందేమో చూసుకోండి. కాపడం, కదలిక పైన చెప్పినట్టే. ఫోను కళ్ళ ఎత్తుకు లేపి పట్టుకుంటే మిగతాది దానంతటదే సర్దుకుంటుంది.

ఇది మెడపట్టు కాదేమో?

నొప్పి చేతిలోకి దిగి వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే, చేతిలో పట్టు తగ్గితే నరం నలుగుతోందని అర్థం. కాపడాలతో కాలక్షేపం చెయ్యకుండా డాక్టరుకు చూపించాలి. వారం దాటినా ఏమాత్రం తగ్గకపోయినా అంతే. తిరుపతిలో స్విమ్స్, రుయా, ఎముకలూ కీళ్ళకు బర్డ్ ఉన్నాయి, కొండమీద అశ్వినీ ఆసుపత్రి ఉంది.

కొన్నింటికి గంట కూడా ఆగకూడదు: జ్వరం, తీవ్రమైన తలనొప్పితో గడ్డం ఛాతీకి ఆనకపోవడం, వెలుతురు చూడలేకపోవడం; మెడ నొప్పితో పాటు మాట ముద్దగా రావడం, నడక తూలడం, ఒకవైపు చెయ్యీ కాలూ చచ్చుబడటం; మూత్రం మీద అదుపు తప్పడం; మెట్లమీద జారిపడ్డాక మొదలైన నొప్పి. మెడ, దవడ, ఎడమ చెయ్యి లాగుతూ చెమటలు పడితే అది గుండె కావచ్చు. 108కి ఫోను చెయ్యండి. పడిపోయిన మనిషి మెడను మాత్రం మీరు సరిచెయ్యబోకండి, ఉన్నట్టే ఉంచండి.

తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది

దిండు ఎత్తు సరిపోవడం లేదు. పక్కకు తిరిగి పడుకునేవాళ్ళకు చెవికీ పరుపుకీ మధ్య ఉన్న ఖాళీ నిండాలి, అంటే దాదాపు భుజం వెడల్పంత. వెల్లకిలా పడుకునేవాళ్ళకు పలచటి దిండు చాలు. దిండు మెడ కిందికి రావాలి, భుజాల కిందికి రాకూడదు. బోర్లా పడుకుంటే రాత్రంతా మెడ ఒకవైపే తిరిగి ఉంటుంది, ఆ అలవాటు మానుకోవాలి. నేలమీద పడుకోవాల్సి వస్తే సంచి వద్దు, అందులో చెప్పులుంటాయో డబ్బాలుంటాయో. రెండో దుప్పటి మడిచి పెట్టుకోండి.

బస్సులో తిరుగు ప్రయాణానికి అర్ధచంద్రం దిండు కొనుక్కుంటారు చాలామంది. దాని మందం మెడ వెనక ఉంటే తల ముందుకు తోసుకుపోతుంది. ముందుకు తిప్పి గడ్డం కింద పెట్టుకోండి, సీటు వెనక్కి వాల్చండి. దిండు లేకపోతే తువాలు చుట్టగా చుట్టి తల వాలే వైపు పెట్టుకుంటే సరి.