పాత గేమ్ రిమోట్ బటన్లు పలకకపోతే ఏం చేయాలి? బోర్డు మీది నల్ల పూత పోకుండా శుభ్రం చేసే పద్ధతి

మొన్న వేసవి సెలవుల్లో రాజోలు వైపు నుంచి ఓ కుర్రాడు వాళ్ల నాన్నగారి చిన్నప్పటి వీడియో గేమ్ రిమోట్ పట్టుకొచ్చాడు. "బాబాయ్ గారండీ, లోపల బోర్డు మీద నల్లగా మసి పట్టేసిందండి. బ్లేడుతో శుభ్రంగా గీకేశాను. రెండు వారాలు బాగా ఆడిందండి. ఇప్పుడు అసలు పలకట్లేదు" అన్నాడు. విప్పి చూస్తే ఎ, బి బటన్ల కింద రాగి మెరుస్తోంది, అంచుల్లో అప్పుడే పచ్చగా చిలుము మొదలైంది. వాడు గీకేసింది మసి కాదు. తయారుచేసినవాళ్లు కావాలని అచ్చువేసిన కార్బన్ పూత. మురికి వల్ల ఆగిపోయిన రిమోట్ల కంటే ఇలా గీకడం వల్ల చచ్చిపోయినవే నా బల్ల మీదకి ఎక్కువ వస్తున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

కంట్రోలర్ అన్నా, జాయ్‌స్టిక్ అన్నా, మా వైపు రిమోట్ అన్నా ఒకటే. బటన్ కింద రబ్బరు, రబ్బరు అడుగున నల్లటి బిళ్ల, దాని కింద బోర్డు మీద దువ్వెన పళ్లలా ఒకదాన్లోకి ఒకటి దూరిన రెండు గీతలు. నొక్కితే బిళ్ల ఆ రెండు గీతల్నీ కలుపుతుంది, వదిలితే విడిపోతాయి. బటన్ పలకలేదంటే చాలాసార్లు ఈ బిళ్లకీ గీతలకీ మధ్య ఏదో చేరిందనే అర్థం. చిప్ పోయిందని కంగారు పడకండి.

కావలసినవి: చిన్న స్టార్ స్క్రూడ్రైవర్, మల్టీమీటర్ (విద్యుత్తుకు ఎంత అడ్డుందో ఓముల్లో చూపే మీటరు), ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మొబైల్ రిపేరు షాపుల్లో ఐపీఏ అనే అడగండి, నీళ్లు కలవనిది), ఇయర్ బడ్స్, మెత్తటి టూత్‌బ్రష్, తెల్ల కాగితం. ఇయర్ బడ్స్ కాగితపు పుల్లవే కొనాలి. ప్లాస్టిక్ పుల్ల వంగి ఎక్కడ ఎంత నొక్కుతున్నామో చేతికి తెలియదు.

విప్పడం తేలికే. వెనక మరలు తీసి, రిమోట్‌ను బటన్ల వైపు కిందకి పెట్టి వెనక డొప్ప ఎత్తండి. ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీయండి, ముఖ్యంగా కేబుల్ ఏ గూటాల మధ్య మెలికలు తిరిగి బయటికి వెళ్తోందో. ఆ మెలిక వల్లే లాగినప్పుడు బలం సోల్డర్ మీద పడకుండా ఉంటుంది. మరలు తుప్పు పట్టి ఉంటే, అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి వచ్చేవాటికి తప్పకుండా పట్టి ఉంటాయి, బలం చేయొద్దు. తలమీద ఒక చుక్క నూనె వేసి పావుగంట ఆగండి.

లోపల ఏముందో చూడండి. 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో కంపెనీ వీడియో గేమ్ ఫ్యామికామ్ రిమోట్ మొదటి బ్యాచ్‌లకు ఎ, బి బటన్లు చదరపు రబ్బరువి. అవి అంచుల దగ్గర ఇరుక్కునేవి, అందుకే తర్వాత గుండ్రటి ప్లాస్టిక్ బటన్లు పెట్టారు. అంటే అసలు కంపెనీవాళ్లే ఒకే రిమోట్‌ను మధ్యలో మార్చారు. ఇక మన చిన్నప్పుడు తిరునాళ్లలోనూ ఎలక్ట్రానిక్స్ షాపుల్లోనూ కొన్న తొమ్మిది పిన్నుల నకళ్ల సంగతి వేరే చెప్పాలా? బయటికి ప్లేస్టేషన్ రూపం, లోపల మాత్రం అదే ఎనిమిది బటన్ల బోర్డు. అసలు దాంట్లో కాళ్లున్న 4021 చిప్ ఉంటుంది. ఎనిమిది బటన్ల స్థితినీ ఒకేసారి పట్టుకుని, ఒకదాని తర్వాత ఒకటిగా ఒకే తీగ మీద పంపుతుంది. అందుకే ఎనిమిది బటన్లకు అయిదే తీగలు సరిపోతాయి. నకలులో ఆ చిప్ బదులు, బోర్డు మీద నల్లటి జిగురు బొట్టు కింద దాగిన చిప్ ఒకటి ఉంటుంది. తీగల రంగులైతే అస్సలు నమ్మకండి, బ్యాచ్ బ్యాచ్‌కీ మారిపోతాయి. ఇంకో మాట, సెగా మెగా డ్రైవ్ రిమోట్‌కూ తొమ్మిది పిన్నుల ప్లగ్గే, కానీ లోపలి వైరింగ్ పూర్తిగా వేరు. దూరింది కదా అని ఒకదాని ప్లగ్గు ఇంకోదానికి పెట్టొద్దు.

ప్లస్ ఆకారపు బటన్ అడుగు కూడా తిరగేసి చూడండి. అసలు నింటెండోలో మధ్యలో చిన్న బొడిపె ఉంటుంది, బటన్ దాని మీద తక్కెడలా ఊగుతుంది. ఎడమ నొక్కితే కుడి పైకి లేస్తుంది. నాసిరకం నకళ్లలో ఆ బొడిపె ఉండదు, లేదా మరీ పొట్టిగా ఉంటుంది. అప్పుడు గట్టిగా నొక్కితే నాలుగు దిక్కులూ ఒకేసారి తగులుతాయి. ఎంత తుడిచినా ఆ లోపం పోదు, అది అచ్చులోనే ఉంది.

ఇప్పుడు అసలు పని. ఇక్కడ నిదానం కావాలి.

గీతల మీద చేయి వేసేముందు అవి దేనితో చేసినవో తేల్చుకోవాలి. మసక నలుపు, మెరుపు లేకుండా, అన్ని బటన్ల కిందా ఒకేలా ఉంటే అది కార్బన్ పూత. ఎర్రగా ఉంటే ఒట్టి రాగి. వెండిలా ఉంటే సోల్డర్ పూత. పసుపుగా మెరుస్తుంటే బంగారు పూత. మురికి ఎప్పుడూ ఒకేలా పట్టదు. ఎక్కువ నొక్కే ఎ బటన్ దగ్గర ఒకలా, ఎవరూ ముట్టని సెలెక్ట్ దగ్గర ఇంకోలా ఉంటుంది. కాబట్టి సెలెక్ట్ కింద ఏ రంగుందో చూడండి, తయారైన రోజు బోర్డు దాదాపు అలాగే ఉండేది. ఇంకా అనుమానముంటే మల్టీమీటర్ మొనలను గుచ్చకుండా పక్కవాటుగా ఆనించి, ఒకే గీత మీద రెండు చోట్ల చూడండి. లోహమైతే ఇంచుమించు సున్నా. కార్బన్ అయితే కొంత ఓము తప్పకుండా చూపిస్తుంది.

కార్బన్ అని తేలితే బ్లేడు, గరుకు కాగితం, పెన్సిల్ రబ్బరు, టూత్‌పేస్ట్ ఏదీ వద్దు. పెట్రోలు, థిన్నర్, గోళ్ల రంగు తుడిచే ద్రవం అసలే వద్దు, అవి డొప్ప ప్లాస్టిక్‌ను కూడా తినేస్తాయి. బడ్‌ను ఐపీఏలో ముంచి, అంచుకు ఒత్తి కారిపోయేది కార్చేసి, గీతల పొడవునా ఒకే దిక్కుగా లాగండి. అడ్డంగా రుద్దకండి. మొదటి బడ్ గోధుమరంగులో, రెండోది లేత బూడిదరంగులో వస్తాయి. మూడోదానికి కూడా నల్లగానే వస్తుంటే ఆపేయండి. అప్పుడు వచ్చేది మురికి కాదు, పూత.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, గీకిన వెంటనే బటన్ నిజంగానే బాగా పలుకుతుంది. కార్బన్ కంటే రాగికి విద్యుత్తు సులువుగా పారుతుంది మరి. అందుకే గీకినవాళ్లంతా తమ పద్ధతే సరైనదని పదిమందికీ చెబుతారు. కానీ ఆ పూత వేసిందే రాగికి గాలి తగలకుండా. చుట్టూ కాలవలు, చెరువులు, సముద్రపు గాలి ఉన్న మన కోనసీమలో బయటపడిన రాగి ఒక్క వర్షాకాలం కూడా ఆగదు. ఇదివరకే గీకేసి ఉంటే, చిలుమును పూర్తిగా తీసేసి, ఐపీఏతో తుడిచి, విద్యుత్తు పారే కార్బన్ పెయింట్‌ను సన్నటి కుంచెతో గీతల మీద మాత్రమే పలచగా వేయాలి. ఆరాక రెండు దువ్వెనల మధ్యా మీటర్ పెట్టండి. తక్కువ ఓములు చూపిస్తే పెయింట్ సందులోకి దిగిందన్నమాట, బటన్ ఎప్పుడూ నొక్కినట్టే ఉంటుంది.

వరద నీళ్లలో మునిగినవాటికి ఈ పనికి ముందు ఇంకో మెట్టు ఉంది. 2022 జులై గోదావరి వరద తర్వాత లంకల నుంచి ఒక రిమోట్ వచ్చింది. డొప్ప ఎత్తితే దువ్వెన పళ్ల మధ్య ఒండ్రు మట్టి ఆరిపోయి, సన్నటి గోడలా నిలబడి ఉంది. అలాంటిదాన్ని పొడిగా తోమితే ఇసుక రేణువులే గరుకు కాగితం పని చేస్తాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో బోర్డును అరగంట నానబెట్టి, మట్టి దానంతట అది జారేదాకా నీళ్లు మార్చి, తర్వాతే ఐపీఏ. మోటారు నీళ్లు వాడొద్దు, ఆరాక ఉప్పు మిగులుతుంది.

రబ్బరు సంగతి త్వరగా చెబుతాను. గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడిగి నీడన ఆరబెట్టండి. బిళ్లను తెల్ల కాగితం మీద మెల్లగా రెండుసార్లు గీయండి. బూడిదరంగు గీత పడితే పైన పట్టిన జిడ్డు పొర పోయింది, ఇక చాలు. మీటర్ మొనలు బిళ్ల మీద ఆనిస్తే వందల ఓముల్లో చూపిస్తే ఆరోగ్యంగా ఉంది. పదుల వేలు దాటితే రబ్బరు మార్చాల్సిందే. పెన్సిల్ పొడి పూయడం, అగరబత్తి పెట్టెలోని మెరుపు కాగితం అంటించడం నేను ఒప్పుకోను. పొడి రాలి పక్క బటన్లను కలిపేస్తుంది. కాగితం జిగురు మన ఎండలకు కరిగి బోర్డుకే అంటుకుంటుంది.

రబ్బరు మార్చేటప్పుడు, డొప్ప ఒకేలా ఉంది కదా అని ఇంకో రిమోట్‌లోది తీసి పెట్టేయకండి. ఒకే షాపులో, ఒకే పెట్టెలో కొన్న రెండిటిని పక్కపక్కన విప్పి చూశాను. ఒకదాని రబ్బరు గుబ్బ రెండోదానికంటే అర మిల్లీమీటరు ఎత్తు. చూస్తే కనిపించలేదు, గాజుపలక మీద బోర్లించి స్కేలు ఆనిస్తే తెలిసింది. దాన్ని మార్చి పెట్టి మరలు బిగించగానే బి బటన్ నొక్కుకుపోయి ఉండిపోయింది. ముందు ఎత్తు, తర్వాత గూటం రంధ్రాల దూరం, ఈ రెండూ కొలిచాకే పెట్టండి.

బిగించేటప్పుడు మరను ముందు ఎడమకు తిప్పండి. చిన్న టక్కుమన్న శబ్దంతో పాత దారిలో పడుతుంది, అప్పుడు కుడికి తిప్పండి. ఇలా చేయకపోతే ప్రతిసారీ ప్లాస్టిక్‌లో కొత్త దారి కోసుకుని, నాలుగోసారికి మర వదులైపోతుంది. రెండు వేళ్లతో పట్టుకుని తిరిగినంతవరకే బిగించాలి.

ఆడి చూసేటప్పుడు ముందు సెలెక్ట్, స్టార్ట్, తర్వాత ఎ, బి, చివర్న దిక్కులు. ఎడమ నొక్కి పట్టుకుని బొటనవేలిని కుడివైపుకి దొర్లించండి. బొమ్మ మధ్యలో ఒక్క క్షణం ఆగి కుడికి తిరగాలి. తిరక్కుండా వణికితే మళ్లీ విప్పి రబ్బరు సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. దాచేటప్పుడు కేబుల్‌ను రిమోట్ చుట్టూ బిగించి చుట్టొద్దు, తీగ తెగేది సరిగ్గా డొప్పలోంచి బయటికి వచ్చే ఆ మెడ దగ్గరే. పెద్ద చుట్టగా చుట్టి, తేమ పీల్చే తెల్ల గుళికల (సిలికా జెల్) సంచి ఒకటి వేసి, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టండి.