ఉంగరాల జుట్టును సాపు చేద్దాం – 4వ పాఠం: చుయ్‌మన్న చప్పుడు

ఈ వారం గుండ్రటి బ్రష్ చుట్టూ పాయను చుట్టి డ్రైయర్‌తో ఆరబెట్టడం నేర్పుతానన్నాను. అది వాయిదా పడింది. మూడో పాఠం చదివి స్ట్రెయిటనర్ (రెండు వేడి పలకల మధ్య పాయను లాగి సాపు చేసే యంత్రం) అందుకున్నవాళ్లు వరసగా ఒకే సంగతి రాస్తున్నారు: పలకల మధ్య పాయ పెట్టగానే చుయ్‌మంది, ఆవిరి లేచింది, అలా రావడం మంచిదేనా అని. మంచిది కాదు. ఆ చప్పుడు వినిపించిన క్షణంలోనే చెయ్యి తీసేయాలి.

తప్పులో నాకూ వాటా ఉంది. ‘కొంచెం చెమ్మ ఉండగానే మొదలుపెట్టండి’ అని రాశాను. అది డ్రైయర్ గురించి. తర్వాతి వాక్యంలోనే స్ట్రెయిటనర్ మాట ఎత్తేసరికి రెండూ కలిసిపోయాయి. ఒకావిడైతే చీర మీద చిలకరించినట్టు జుట్టు మీద నీళ్లు చిలకరించుకుని మరీ ఇస్త్రీ మొదలుపెట్టారట. ఆవిడను ఏమనగలం? మన ఇళ్లలో ఇస్త్రీ అంటే ముందు గుర్తొచ్చేది ఆ నీళ్ల చెంబే.

కానీ వెంట్రుక నూలుపోగు కాదు. గుడ్డలో ఆవిరి పోవడానికి ఎక్కడ చూసినా దారే. వెంట్రుకకు పైన చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకున్న పొర ఉంటుంది, లోపల నీరు నిలుస్తుంది. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మీ చేతిలోని పలక 180లో ఉంటుంది. లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై, బయటికి దారి చాలక వెంట్రుకలోనే బుడగలు కడుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ బుడగలు కనిపిస్తాయి కూడా. బుడగ ఉన్నచోట వెంట్రుక బోలుగా మారి, తర్వాత దువ్వెన తగిలితే పుటుక్కున తెగుతుంది. పైగా పొడిగా ఉన్నప్పుడు 200 డిగ్రీలు దాటేదాకా తట్టుకునే కెరటిన్ (వెంట్రుక తయారయ్యే ప్రోటీను), తడిలో 150 దగ్గరే దెబ్బతింటుంది. అంటే తడి జుట్టుకు మంట తగ్గించి పెట్టినా లాభం లేదు. ‘పూర్తిగా ఆరలేదు గానీ 160లోనే పెట్టాను’ అన్న సమాధానం నాకు రాయవద్దు.

ఆరిందో లేదో కంటితో తెలియదు. పైపైన పొడిగా కనిపించే జుట్టు మెడ దగ్గర ఇంకా తడిగానే ఉంటుంది. పాయను పట్టుకుని పైపెదవికి ఆనించండి. చల్లగా తగిలితే నీరు ఇంకా ఆవిరవుతోందన్నమాట, ఆగండి. చేతివేళ్లను నమ్మవద్దు, డ్రైయర్ పట్టుకున్న చేతికి ఆ తేడా తెలియదు.

ఇదే కోవలో ఇంకో ముచ్చట: మెరుపు కోసం కొబ్బరినూనె రాసి ఇస్త్రీ చేయడం. అది జుట్టును పోపులో వేయడమే. కొబ్బరినూనె చోటు తలస్నానానికి ముందు. అప్పుడు రాస్తే కడిగేటప్పుడు జుట్టులోని ప్రోటీను పోవడం తగ్గుతుంది. స్నానం తర్వాత సీసా మూత తీయవద్దు.

పలక ఎన్ని డిగ్రీల్లో ఉండాలో అంకెలు: సన్నని జుట్టుకు 150, మామూలు జుట్టుకు 170 నుంచి 180, బాగా దళసరిగా ఉంటే 190. అంతకు మించి ఇంట్లో వద్దు. రెండు వేళ్ల వెడల్పు పాయ, ఒకే ఒక్క లాగుడు, నెమ్మదిగా. గబగబా అయిదుసార్లు లాగేవాళ్లు ఎక్కువ పాడు చేసుకుంటారు. డిగ్రీలు చూపించని యంత్రం ఎంత చవకైనా నేను కొనను.

నా దొంగదారి కూడా చెప్పేస్తాను: లోపలి పాయలను నేను అసలు ముట్టుకోను. పైవరసను, ముఖం పక్కన పాయలను సాపు చేసి వదిలేస్తాను. చూసేవాళ్లకు కనిపించేది అంతే. లోపలి ఉంగరాలు పైజుట్టును కాస్త ఎత్తి పట్టుకుంటాయి, అది నాకు ఇష్టం.

‘సాయంత్రానికి మళ్లీ ఉంగరాలు తిరిగింది’ అన్న ఫిర్యాదుకు జవాబు చిన్నదే. వేడితో మనం మార్చేది నీటికి విడిపోయి, ఆరగానే మళ్లీ కలిసే బంధాలను మాత్రమే. ఉంగరాన్ని పుట్టుకతో నిలబెట్టే గంధకపు బంధాలు చెక్కుచెదరవు. గాలిలో తేమ తగిలితే జుట్టు తన పాత రూపానికి పోతుంది. అందుకే అనంతపురంలో రెండు రోజులు నిలిచే పని విశాఖలో బీచి దాకా కూడా రాకపోవచ్చు. మీ చేతిలో లోపం లేదు.

ఇక సాధన. స్ట్రెయిటనర్ పట్టే ముందు చెవి వెనక ఒకే మందం గల నాలుగు పాయలు ఎంచుకుని తడపండి. ఒకటి దానంతట అది ఆరాలి. రెండోదాన్ని జడ అల్లి ఆరనివ్వండి. మూడోదాన్ని బ్రష్‌తో లాగిపట్టి, డ్రైయర్ గాలి కుదుళ్ల నుంచి చివర్ల వైపు తగిలేలా ఆరబెట్టండి. నాలుగోది పూర్తిగా ఆరాక, పైపెదవి పరీక్ష నెగ్గాక, స్ట్రెయిటనర్‌తో ఒక్కసారి లాగండి. దర్జీ టేపుతో ప్రతి పాయ పొడవూ గంటకు, నాలుగు గంటలకు, మర్నాడు పొద్దున కొలిచి రాసుకోండి. లాగి కొలవవద్దు, వేలాడుతున్నప్పుడే కొలవాలి. మొత్తం 12 అంకెలు. ఆ కాగితం పక్కన పెట్టుకునే అయిదో పాఠం తెరవండి. గుండ్రటి బ్రష్ పని అందులో మూడో పాయ అంకెలతోనే మొదలుపెడతాను.