వానల్లో ఘాట్ ఎక్కే ముందు: వెనక హౌసింగ్ శబ్దం, గేర్ ఆయిల్ సంగతి

జూన్‌లో మొదటి వాన పడగానే మా షెడ్డు ముందు ఒక రకం బండ్లు వరుస కడతాయి. మారేడుమిల్లి వెళ్లాలనుకునే థార్‌లు, అరకు ప్లాన్ వేసుకున్న స్కార్పియోలు. ఓనరు దిగీ దిగగానే అడిగేది ఒకటే. "అన్నా, వెనక హౌసింగ్‌లో ఏదో సౌండ్ వస్తోంది. డిఫరెన్షియల్ పోయిందంటావా?"

హౌసింగ్ అంటే వెనక ఇరుసు మధ్యలో ఉండే గుండ్రటి పెట్టె, డిఫరెన్షియల్ దాంట్లోనే ఉంటుంది. అది అంత తేలిగ్గా పోదు. నా దగ్గరికొచ్చిన వాటిలో చాలాసార్లు తప్పు నూనెది, లేకపోతే టైరుది. కొన్నిసార్లు అసలు అది తప్పే కాదు. ఇంజన్ బలాన్ని చక్రాల వైపు మళ్లించే గేర్ల జత క్రౌన్-పినియన్. దాన్ని ఒకసారి విప్పితే షిమ్ములు (సందు సరిచేసే సన్నటి రేకులు) కొలిచి మళ్లీ కూర్చోబెట్టడం చిన్న పని కాదు. సరిగ్గా కూర్చోకపోతే అంతకుముందు లేని మోత కొత్తగా మొదలవుతుంది. అందుకే ముందు చెవితో పని, తర్వాత నూనె. స్పానర్‌తో హౌసింగ్ జోలికి వెళ్లడం ఆఖరున.

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. రెండు వెనక చక్రాల మధ్య మీటరున్నర ఉందనుకుంటే, ఒక పూర్తి చుట్టుకి బయటి చక్రం దాదాపు తొమ్మిదిన్నర మీటర్లు ఎక్కువ నడుస్తుంది. చుట్టు చిన్నదైనా పెద్దదైనా తేడా అంతే. దాన్ని సర్దేదే డిఫరెన్షియల్. మామూలు డిఫరెన్షియల్‌కి ఒక జబ్బుంది. ఒక చక్రం బురదలో పడితే అదే గిర్రున తిరుగుతుంది, గట్టి నేల మీదున్న రెండోది కదలదు. దానికి విరుగుడుగా వచ్చిందే లిమిటెడ్ స్లిప్, అందరూ ఎల్ఎస్‌డీ అంటారు. ఎక్కువగా కనిపించే రకంలో సన్నటి క్లచ్ ప్లేట్ల కట్ట ఉంటుంది. ఒక ప్లేటు సైడ్ గేరుతో (చక్రం వైపు వెళ్లే షాఫ్ట్ గేరు), పక్కది కేసుతో (డిఫరెన్షియల్ గేర్లని పట్టుకునే డబ్బా) కలిసి తిరుగుతుంది. మలుపులో ఇవి ఒకదాని మీద ఒకటి జారాలి. నూనె సరైనదైతే మెత్తగా జారతాయి. కాకపోతే పట్టి వదులుతూ, పట్టి వదులుతూ గుర్రుగుర్రుమంటాయి, సీటు కింద వణుకు తెలుస్తుంది.

ట్రాక్టర్ ఉన్న ఇళ్లలో ఇది కొత్త సంగతేం కాదు. ఆయిల్ బ్రేకుల ట్రాక్టర్‌లో కంపెనీ చెప్పిన నూనె మానేసి మామూలు నైంటీ (90 నంబర్ గేర్ ఆయిల్) పోస్తే, బ్రేకు తొక్కినప్పుడల్లా కీచుమని అరుస్తుంది. జబ్బు ఒకటే, చోటు వేరు.

థార్, స్కార్పియో-ఎన్ కొన్ని వేరియంట్లలో వచ్చేది మాత్రం అచ్చంగా ఎల్ఎస్‌డీ కాదు, మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్. ఒక చక్రం రెండోదానికంటే నిమిషానికి సుమారు 100 చుట్లు ఎక్కువ తిరిగితే లోపలి చిన్న బరువులు విచ్చుకుని కొక్కెం పడుతుంది, రెండు చక్రాలూ ఒక్కటవుతాయి. బండి గంటకు 30 కిలోమీటర్లు దాటాక ఈ లాక్ పడదు. పడేటప్పుడు ఠక్కుమని గట్టిగానే వినిపిస్తుంది. బురదలో ఆ ఠక్కు విని భయపడి వెనక్కి వచ్చేసిన వాళ్లున్నారు. అది పని చేస్తున్నట్టు లెక్క. తారు రోడ్డు మీద మామూలు మలుపులో అదే చప్పుడు వస్తేనే అనుమానించాలి.

ఇక పరీక్ష. మొట్టమొదట ఫోర్ వీల్ లీవర్ టూ-హెచ్‌లో (వెనక చక్రాలకే బలం) ఉందో లేదో చూడండి. నవ్వొద్దు. ఇలాంటి పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ బండ్లలో ముందు, వెనక యాక్సిళ్ల మధ్య సర్దుబాటు ఉండదు. ఫోర్-హెచ్‌లో (నాలుగు చక్రాలకీ బలం) వేసి మర్చిపోయి ఊళ్లో తిప్పితే మలుపుల్లో బండి బిగుసుకుని ఎగిరెగిరి పడుతుంది. పోయిన ఏడాది ఒకాయన దీనికోసం కాకినాడ నుంచి వచ్చాడు. లీవర్ వెనక్కి లాగాను, అంతే. చాయ్ తాగి వెళ్లిపోయాడు.

తర్వాత ఖాళీ మైదానం చూసుకుని స్టీరింగ్ పూర్తిగా తిప్పి, గంటకు 10 కిలోమీటర్లు మించకుండా కుడికి నాలుగు చుట్లు, ఎడమకి నాలుగు చుట్లు వేయండి. మలుపులోనే గుర్రుమంటూ, నేరుగా వెళ్లేటప్పుడు ఆగిపోతే క్లచ్ ప్లేట్లు గానీ స్పైడర్ గేర్లు (డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు) గానీ. నేరుగా వెళ్లినా ఊళపెడుతుంటే వేరే కథ. తారు నుంచి సిమెంటు రోడ్డు ఎక్కగానే మోత మారిందంటే టైర్లు. స్పీడులో కొంచెం ఎడమకి కోస్తే పెరిగి, కుడికి కోస్తే తగ్గితే చాలాసార్లు కుడి చక్రం బేరింగ్, ఎందుకంటే ఎడమకి తిప్పితే బరువు కుడి వైపు పడుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఊళ, వదిలితే నిశ్శబ్దం (లేదా దానికి తిరగబడి) వస్తే క్రౌన్-పినియన్ పళ్లు. బయల్దేరేటప్పుడు, గేరు మార్చేటప్పుడు ఒక్క టక్కు వినిపిస్తే ముందు కిందికి దూరి, గేర్‌బాక్సు వైపు నుంచి వెనక హౌసింగ్‌కి వచ్చే పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని చేత్తో తిప్పి చూడండి. ఆ షాఫ్ట్ కీలు, అంటే యూజే క్రాస్, అరిగినప్పుడు కూడా హౌసింగే పోయినట్టు వినిపిస్తుంది.

వెనక టైర్లు రెండూ ఒకే సైజు, ఒకే అరుగుదల, ఒకే గాలి ఉండాలి. పంక్చరై ఒకవైపు కొత్త స్టెప్నీ వేసి అలాగే వదిలేస్తే, నేరుగా వెళ్తున్నా ప్లేట్లు ఆగకుండా జారుతూనే ఉంటాయి. ఎల్ఎస్‌డీని తొందరగా తినేసేది ఇదే.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తాను. ఒక వెనక చక్రం జాకీ మీద లేపి, ఇంజన్ ఆన్ చేసి, గేరు వేసి శబ్దం వినడం కొందరికి అలవాటు. మామూలు డిఫరెన్షియల్‌కే అది మంచిది కాదు. ఎల్ఎస్‌డీ గానీ లాకర్ గానీ ఉన్న బండిలో నేల మీదున్న రెండో చక్రానికీ బలం అందుతుంది, బండి జాకీ మీంచి దూకి ముందుకెళ్తుంది. ముందు ఎవరున్నా అంతే సంగతులు. వెనక రెండు చక్రాలూ లేపి, యాక్సిల్ కింద స్టాండ్లు పెట్టి, ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో చేత్తో తిప్పి చూస్తే చాలు. ఇటుకలు, చెక్కముక్కలు స్టాండ్లు కావు. ప్లేట్ల రకంలో ఒక చక్రం తిప్పితే రెండోది అదే వైపు తిరగాలి. మెకానికల్ లాకర్‌లో ఎదురు తిరుగుతుంది, అది చూసి లాక్ పోయిందనుకోకండి.

నూనె విషయానికొస్తే, షాపు కౌంటర్ మీద "నైంటీ ఇవ్వు" అంటే ఏ డబ్బా చేతికొస్తుందో ఆ రోజు స్టాకుని బట్టి ఉంటుంది. డబ్బా మీద రెండు సంగతులు చూడాలి. మొదటిది జీఎల్ నంబర్, పళ్ల మీద పడే ఒత్తిడిని నూనె ఎంత తట్టుకుంటుందో చెప్పేది. వెనక హౌసింగ్‌లో పళ్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరిగే హైపాయిడ్ రకం. దానికి గంధకం, భాస్వరం మందులు ఎక్కువ కలిపిన జీఎల్-5 కావాలి. డబ్బా మూత తీస్తే కుళ్లిన గుడ్డు వాసన కొట్టేది ఆ గంధకమే. అదే నూనె గేర్‌బాక్సులో పోస్తే కొన్ని బండ్లలో ఇత్తడి సింక్రో రింగులకి (గేరు మెత్తగా పడేలా చేసేవి) చేటు. అందుకే గేర్‌బాక్సుకి జీఎల్-4, హౌసింగ్‌కి జీఎల్-5 చెప్పే బండ్లుంటాయి. మిగిలింది కదా అని ఒకదాంట్లోది రెండోదాంట్లో పోయకండి.

రెండోది చిక్కదనం. 75డబ్ల్యూ-90లో 75డబ్ల్యూ అంటే గడ్డకట్టే చలిలోనూ, మైనస్ 40 డిగ్రీల వరకు, కదులుతుందని. 80డబ్ల్యూ మైనస్ 26 వరకు. లంబసింగి చలి ఆ దరిదాపులకి కూడా రాదు కాబట్టి మొదటి నంబర్ మనకి పెద్ద టెన్షన్ కాదు. హ్యాండ్‌బుక్ ఏది రాస్తే అది. ఈ నంబర్ల లెక్క ఇంజన్ ఆయిల్ లెక్క కాదు. గేర్ ఆయిల్ 90 చిక్కదనంలో సుమారు ఇంజన్ ఆయిల్ 40, 50లకి దగ్గర. శబ్దం వస్తోందని 90 తీసేసి 140 పోసే పద్ధతి మా లైన్‌లో బాగా ఉంది. మోత తగ్గినట్టే ఉంటుంది, నిజానికి చిక్కటి నూనె దాన్ని కప్పుతోంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పినియన్ బేరింగ్‌కి ఆలస్యంగా అందుతుంది. బండి అమ్మేసేవాడికి పనికొస్తుంది, వాడుకునేవాడికి కాదు.

ఇక ఎల్ఎస్‌డీ ప్లేట్లకి ఫ్రిక్షన్ మాడిఫయర్ అనే మందుంది. కొన్ని నూనెల్లో కలిపే వస్తుంది, డబ్బా మీద లిమిటెడ్ స్లిప్‌కి అని రాసి ఉంటుంది. కొన్నింటికి విడిగా 118 మిల్లీలీటర్ల చిన్న సీసా పోయాలి. నూనె మార్చిన రోజునుంచే మలుపుల్లో గుర్రు మొదలైందంటే చాలాసార్లు ఇదే లేక. కొత్త నూనె పోశాక మైదానంలో నెమ్మదిగా ఎనిమిది అంకె ఆకారంలో పది పన్నెండు సార్లు తిప్పండి, నూనె ప్లేట్ల మధ్యకి చేరుతుంది. అయినా ఆగకపోతే అప్పుడు మందు కొంచెం కొంచెం. ఎక్కువ పోస్తే శబ్దమూ పోతుంది, దానితో పాటు పట్టూ పోతుంది. ప్లేట్లు లేకుండా గేర్లతోనే పనిచేసే రకాలకీ, లాకర్లకీ హ్యాండ్‌బుక్ అడగకపోతే ఈ సీసా జోలికి వెళ్లొద్దు.

మార్చేటప్పుడు ముందు పైనున్న ఫిల్లింగ్ ప్లగ్ విప్పండి, కింది డ్రెయిన్ ప్లగ్ తర్వాత. నేర్చుకునే రోజుల్లో నేను తిరగేసి చేశాను. నూనంతా ట్రేలో పడ్డాక పై ప్లగ్ తుప్పుపట్టి రాలేదు, మూలలు కూడా అరిగిపోయాయి. ఆ బండి రెండు రోజులు కదల్లేదు. ప్లగ్గు అయస్కాంతం మీద బూడిదరంగు పేస్టు ఉంటే మామూలు అరుగుదల. వేళ్ల మధ్య రాస్తే గరుకుగా, మెరుస్తూ ముక్కలు తగిలితే అప్పుడు హౌసింగ్ తెరవాల్సిందే. బండి సమంగా నిలబెట్టి ఫిల్లింగ్ రంధ్రం నుంచి నూనె కారేదాకా పోస్తే చాలు. అంతకంటే ఎక్కించి పోస్తే సీలు దాటి వెనక డ్రమ్ముల్లోకి దిగుతుంది, ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేకు పట్టదు.

వానల్లో అసలు ముప్పు నీళ్లు. వేడెక్కిన హౌసింగ్ చల్లటి వాగు నీళ్లలో మునిగితే లోపలి గాలి ఒక్కసారి కుంచించుకుని, దొరికిన సందునుంచి నీళ్లు లాగుతుంది. అందుకే బయల్దేరే ముందు యాక్సిల్ మీదున్న బ్రీదర్ (లోపలి గాలి వచ్చిపోయే చిన్న రంధ్రం) మూత తీసి మట్టి శుభ్రం చేయండి. దానికి పైపు ఉంటే పైన ఊడిపోకుండా ఉందో చూడండి. పొంగే వాగు దాటించాలని మాత్రం ఎవరు చెప్పినా వినకండి, దానికి ఏ నూనే పనికిరాదు. ఇరుసు మునిగేంత నీళ్లలో వెళ్లి వస్తే, ఇంటికొచ్చిన మర్నాడు బండి చల్లబడి ఉన్నప్పుడు, కదిలించకముందే డ్రెయిన్ ప్లగ్ కొద్దిగా వదులు చేసి నాలుగు చుక్కలు గాజు గ్లాసులోకి పట్టండి. నీళ్లు బరువు కాబట్టి అడుగున చేరి ముందవే వస్తాయి. పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తే ఆ రోజే నూనె మార్చాలి, వచ్చే సర్వీసు దాకా ఆపొద్దు.